గీతల్లేని బొటనవేలు

నేను ఒక స్టాంపు ప్యాడ్‌ని. అరచేతిలో పట్టేంత రేకు డబ్బాని. మూత తీస్తే లోపల ఊదారంగు సిరా పీల్చుకున్న మెత్త ఉంటుంది. నాది పెద్ద వంశమేమీ కాదు, నన్ను చూసి ఎవరూ కుర్చీలోంచి లేవరు. అయినా ఒక్క మాట ధైర్యంగా చెప్పగలను. మా బ్యాంకులో పనిచేసి వెళ్ళిన మేనేజర్లందరూ కలిసి ఎంతమంది చేతులు పట్టుకున్నారో, అంతకు పదింతల మంది చేతులు నేనొక్కదాన్నే పట్టుకున్నాను. కాకపోతే వాళ్ళు చెయ్యంతా పట్టుకున్నారు, నాకు బొటనవేలే దక్కింది.

ప్రస్తుతం నా కాపురం ఒక గోనెసంచిలో. నాతోపాటు చెవులు పోయిన రెండు తాళాలు, పగిలిన స్పాంజి గిన్నె, ఒక గుండ్రటి రబ్బరు సీలు ఉన్నాయి. ఆ సీలు మీదున్న పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదు. అది ఇంకో పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. సీలు మాత్రం ఇంకా తానే బ్యాంకునన్నట్టు బిగుసుకుని పడుకుంది. ముప్ఫై ఏళ్ళు నా సిరా తాగి బతికింది, ఇప్పటికీ నన్ను పలకరించదు. పలకరించకపోతే పోనీ, మీతో చెప్పుకుంటాను.

కలకత్తాలో ఒక ఇరుకు సందులో, రేకులు కత్తిరించే చప్పుడు మధ్య పుట్టాను. ఒకాయన రేకు వంచాడు, ఇంకొకాయన నీలం రంగు పూశాడు. ఒక ముసలామె నాలో మెత్త పెట్టి, పైన పల్చటి బట్ట లాగి, అంచులు జిగురుతో అంటించింది. సాయంత్రం కూలి తీసుకునేటప్పుడు నాలాంటి డబ్బా మీదే ఆమె వేలు అద్ది కాగితం మీద వేసింది. తను చేసిన వస్తువే తన పేరుకు బదులు పనిచేస్తోందని ఆమెకు తట్టిందో లేదో తెలియదు. నాకైతే తట్టలేదు. కొత్తగా పుట్టినవాళ్ళకు గర్వం తప్ప ఇంకేం తడుతుంది?

బరంపురంలో ఒక స్టేషనరీ కొట్టు బీరువాలో కొన్ని నెలలున్నాను. ఆ రోజుల్లో ప్రభుత్వం బ్యాంకులన్నిటినీ పల్లెల వైపు తరుముతోంది. అప్పటిదాకా బ్యాంకంటే షావుకార్ల వ్యవహారం. ఇకమీదట కొబ్బరి చెట్లెక్కేవాడికీ, జీడిపిక్కలు కొట్టే ఆడమనిషికీ కూడా ఖాతా ఉండాలన్నారు. ఖాతా ఇస్తారు సరే, వాళ్ళ దగ్గర సంతకం ఉండాలి కదా? అందుకని కాశీబుగ్గ బజారులో కొత్తగా తెరిచిన శాఖకు ఇనప్పెట్టె, గోడగడియారం కొన్న రోజునే నన్నూ కొన్నారు. దేశంలో వచ్చిన మొదటి సంస్కరణకు నేను ఆ విధంగా తోడ్పడ్డాను. దీని గురించి ఏ పుస్తకంలోనూ రాయలేదు, అది వేరే సంగతి.

మా శాఖ ఒక పెంకుటింటి ముందు వసారాలో ఉండేది. వెనకాల జీడి ఫ్యాక్టరీలు. పిక్కలు కాల్చే బట్టీల పొగ పొద్దున్నే కిటికీలోంచి లోపలికొచ్చి, రిజిస్టర్ల మధ్య కూర్చుని, సాయంత్రం తాళం వేసే వేళకు వెళ్ళేది. కమ్మగా ఉంటుందనుకునేరు. జీడిపప్పు వాసన కమ్మగానే ఉంటుంది గానీ, పైతొక్క కాలే వాసన గొంతులో కారం పెట్టినట్టుంటుంది. అయినా ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆ పొగే ముందు గుర్తొస్తుంది. ఈ గోనెసంచిలో అదే లేదు.

నన్ను చూసుకున్నవారు క్యాషియరు బరాటం సన్యాసిరావు గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో మందలించడానికి సిద్ధంగా ఉన్నట్టుండే మనిషి. ప్రతి సోమవారం మూత తీసి, సిరా బుడ్డి వంచి, చుక్క చుక్కగా నా ఒళ్ళంతా తడిపేవారు. ఎక్కువైతే చిన్న కాగితం ముక్కతో అద్దేవారు. ఇంట్లో భార్యకు మందు కూడా ఇంత శ్రద్ధగా పోసి ఉండరని అటెండరు అనేవాడు. వచ్చినవాళ్ళ వేలు తనే పట్టుకుని, నా మీద మెల్లగా అటునుంచి ఇటు దొర్లించి, కాగితం మీద పెట్టించేవారు. "వత్తకమ్మా, వత్తకు! ఇదేటి పిడకనుకున్నావా?" అని కసిరేవారు. కసురుతూనే వాళ్ళ పిల్లల జ్వరాలు, కోడళ్ళ గొడవలు అడిగి తెలుసుకునేవారు. బ్యాంకువాళ్ళు ఖాతాదారుల్ని అప్పట్లో 'పార్టీ' అనేవారు. తర్వాత 'కస్టమరు' అన్నారు. ఆ తర్వాత 'గౌరవనీయ వినియోగదారుడు' అన్నారు. పిలుపులో గౌరవం పెరిగినకొద్దీ కౌంటరు అవతల మనిషి పేరు తెలిసినవాళ్ళు తగ్గిపోయారు.

వేళ్ళ గురించి చెప్పమంటే నేను రోజంతా చెప్పగలను. కొబ్బరి చెట్లెక్కేవాళ్ళ వేలు బండగా ఉంటుంది, నా బట్టను గీరేస్తుంది. జాలరి వేలి మీద ఉప్పు. షావుకారు గుమాస్తా వేలు మెత్తగా ఉంటుంది గానీ, అతను సంతకం చేస్తాడు కాబట్టి నాదాకా రాడు. ముద్ర వేశాక సిరా తుడుచుకోవడానికి సన్యాసిరావు గారు గుడ్డముక్క కట్టి ఉంచేవారు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అందరూ తలకే రాసుకునేవారు. ఆ లెక్కన నా సిరాలో సగం బ్యాంకు పుస్తకాల్లోకి వెళితే, మిగతా సగం మా చుట్టుపక్కల ఉద్దానం పల్లెల జనాల జుట్టులోకి వెళ్ళింది.

దాలమ్మ వచ్చింది ఎనభైల మధ్యలో. ఒకే జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవైమంది ఆడవాళ్ళకు ఏదో పథకం కింద ఒకే రోజు ఖాతాలు తెరిచారు. వాళ్ళలో పదకొండోది కొర్రాయి దాలమ్మ. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మాట గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. సన్యాసిరావు గారు ఆమె బొటనవేలు నా మీద దొర్లించి కార్డు మీద పెట్టించారు. కార్డు మీద వట్టి ఊదారంగు మచ్చ పడింది. ఒక్క గీతైనా లేదు.

"ఏటమ్మా ఇది? మళ్ళీ ఎయ్యి."

మళ్ళీ వేసింది. మళ్ళీ మచ్చే. మూడోసారి ఆయనకు కోపం వచ్చింది. సిరా ఎక్కువైందని నా మీద విసుక్కున్నారు. నా తప్పేం లేదని చెప్పడానికి నాకు నోరెక్కడిది?

"గీతలుంటే గదా బాబూ రావడానికి! సిన్నప్పట్నుంచి పిక్కలు కొడతన్నాను, జీడిసొన తినీసింది," అని దాలమ్మ రెండు అరచేతులూ కౌంటరు మీద పరిచింది.

పిక్క పగిలినప్పుడు తొక్కలోంచి నల్లటి సొన కారుతుంది. అది తగిలితే చర్మం కాలి, ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ కాలుతుంది. చేతులకు బూడిద రాసుకుని కొడతారు గానీ, బూడిద ఎంతవరకు ఆపుతుంది? ఆ వేళ్ళు నున్నగా, పాత కాగితం రంగులో ఉన్నాయి. సన్యాసిరావు గారు కాసేపు వాటినే చూశారు. తర్వాత ఆ మచ్చ కిందే 'ఈమె నాకు తెలుసు' అని రాసి తన సంతకం పెట్టారు.

"ఎల్లు. నీ ముద్ర దొంగిలించడం ఎవడి తరవూ కాదు," అన్నారు.

ఆ తర్వాత ఏడేనిమిదేళ్ళు దాలమ్మ నెలకోసారి వచ్చేది. మిగతా పంతొమ్మిది మందీ ఆమె వెనకాలే. నిజం చెప్పొద్దూ, ఆమె వేలంటే నాకు ఇష్టం. మిగతావాళ్ళు నా మీద గీతలు వదిలి వెళతారు, ఆమె తాకితే మాత్రం తాకినట్టే ఉండదు. ఏమీ లేని వేలు అంత సుతారంగా ఉండడం వెనక ఎంత మంట ఉందో మాత్రం ఆలోచించలేదు. నేనూ బ్యాంకు సామానునే కదా.

తొంభైల మొదట్లో దేశం మీద సంస్కరణలు వచ్చిపడ్డాయి. ఢిల్లీలో ఏం జరిగిందో నాకు తెలియదు. మా శాఖకు మాత్రం అవి సర్క్యులర్ల రూపంలో, వారానికి నాలుగు చొప్పున వచ్చేవి. పోటీ అన్నారు, లాభం అన్నారు, పొదుపు అన్నారు. పొదుపంటే ఖాతాదారులది కాదు, బ్యాంకు స్టేషనరీది. కాగితం రెండు వైపులా వాడాలి, కొత్త కార్డు కావాలంటే పై ఆఫీసుకు కారణం రాయాలి. సన్యాసిరావు గారు సహజంగానే పొదుపరి. ఈ సర్క్యులరు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రపు బడులు మొదలయ్యాయి. ఒకరోజు దాలమ్మ వచ్చి, నా మూత తీయబోతున్న సన్యాసిరావు గారి చేతిని ఆపింది.

"బాబూ, ఆ డబ్బా తీసీ. నాను సంతకం ఎడతాను."

"నువ్వా? ఎప్పుడు నేర్సుకున్నావు?"

"మీకెందుకు బాబూ? కలం ఇయ్యండి."

కలం పట్టుకోవడం చూస్తే పిక్కలు కొట్టే సుత్తి పట్టుకున్నట్టుంది. చర్మం నున్నగా ఉండడం వల్ల కలం జారిపోతోంది. చీరకొంగు చుట్టి పట్టుకుంది. 'కొ' రాసి ఆగింది. 'దా' రాసింది. 'ల' దగ్గర నాలిక బయటికొచ్చింది. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. "ఉండండ్రా, ఆయమ్మ పేరు పెద్దది," అని సన్యాసిరావు గారు వాళ్ళను కసిరారు. 'మ్మ' పూర్తయ్యేసరికి దాలమ్మ నుదుటి మీద చెమట. అందరికేసీ తిరిగి చూసి నవ్వింది. ఆ నవ్వు మేనేజరు గది దాకా వినిపించింది.

కార్డు కావాలి కదా. కొత్తదానికి పై ఆఫీసుకు కారణం రాయాలి. సన్యాసిరావు గారు పాత కార్డునే తిప్పి, వెనకవైపు ఖాళీలో ఆమె సంతకం నమూనా తీసుకున్నారు. ముందువైపు నా మచ్చ, వెనకవైపు ఆమె పేరు. పొదుపు చేశానని ఆయన ఎంతో మురిసిపోయారు. ఆ తర్వాత ఏడాదిన్నరలో మిగతా పంతొమ్మిది మందీ ఒక్కొక్కరే వచ్చి కార్డు తిప్పించుకున్నారు. అందరికీ నేర్పింది దాలమ్మేనట. భోజనాల వేళ ఫ్యాక్టరీ గచ్చు మీద బూడిద పరిచి, వేలితో దిద్దించేదట.

అప్పుడు నాకు ఏమనిపించిందో దాచుకోకుండా చెబుతాను. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు మీకు పేరై నిలబడితే, ఇప్పుడు నేను 'ఆ డబ్బా'నా? తీసెయ్యాల్సిన దాన్నా? సిరా సోమవారం సోమవారం కాక నెలకోసారి పడసాగింది. తర్వాత గుర్తొచ్చినప్పుడు. మూత అంచున తుప్పు పట్టింది. దాలమ్మ కౌంటరు దగ్గరికొచ్చి, నాకేసి చూడకుండా, తల ఎత్తుకుని సంతకం చేసి వెళ్ళేది. ఆ తల పొగరు చూసి నేను కుళ్ళుకునేదాన్ని.

ఇంకో పదేళ్ళకు బ్యాంకులో మనుషులు ఎక్కువైపోయారని తేలింది. స్వచ్ఛందంగా వెళ్ళిపోతే డబ్బిస్తామన్నారు. స్వచ్ఛందంగా వెళ్ళకపోతే ఎక్కడికి బదిలీ అవుతుందో మాత్రం చెప్పలేమన్నారు. సన్యాసిరావు గారు మూడు రోజులు ఆలోచించి సంతకం పెట్టారు. ఆఖరి రోజున దండ వేశారు, మైసూరుపాకు పంచారు. ఆయన తన బల్ల సొరుగు సర్దుతూ నన్ను బయటికి తీసి, సిరా బుడ్డిలో మిగిలినదంతా నా మీద పోసి, మూత గట్టిగా నొక్కి, సొరుగు అడుగున పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపు ఊదారంగులో ఉంటుంది, చీకట్లో ఎవరికీ కనబడదు.

కంప్యూటర్లు వచ్చింది ఆ ఏడే. పాత కార్డుల్లో ఉన్నవన్నీ వాటిలోకి ఎక్కించాలి. ఆదివారాలు వచ్చి టైపు చేసి వెళ్ళే మనుషుల్ని కాంట్రాక్టుకు పెట్టారు. కార్డుకింత అని కూలి. ఇరవైమంది కార్డులూ ఒకే దారంతో కట్టి ఉన్నాయి. పైనున్నది తీశారు: ముద్ర. రెండోది: ముద్ర. మూడోది: ముద్ర. ఇక మిగతావి చూడక్కర్లేదనుకుని, ఇరవైమందికీ 'వేలిముద్ర మాత్రమే, సంతకం చేయలేరు' అని ఒకే ఊపులో కొట్టేశారు. కార్డు వెనక్కి తిప్పి చూడాలని ఎవరికి తోస్తుంది? ప్రపంచంలో ఎక్కడైనా సంతకం కార్డు ముందువైపే ఉంటుంది. సన్యాసిరావు గారి పొదుపు, వీళ్ళ తొందర కలిసి, ఇరవైమంది ఆడవాళ్ళ చదువును ఒక ఆదివారం మధ్యాహ్నం తుడిచేశాయి. కార్డుల మూటలు ఎక్కడికో గోడౌనుకు వెళ్ళాయి. అక్కడ చెదలు తిన్నాయని తర్వాత ఎవరో అంటుంటే విన్నాను.

ఆ తప్పు చాలా ఏళ్ళు బయటపడలేదు. కౌంటరులో పాతవాళ్ళు కొందరుండేవారు. దాలమ్మ మొహం ఎరుగుదురు కాబట్టి సంతకం తీసుకుని పని చేసి పంపేవారు. కంప్యూటరు ఆమె గురించి ఏమనుకుంటోందో అడిగినవాళ్ళు లేరు. ఆపైన ఒక్కొక్కరే రిటైరయ్యారు, బదిలీ అయ్యారు. గోడలకు కొత్త రంగు వేశారు. అద్దాల తలుపు పెట్టారు. ప్రతి సంస్కరణకూ మా గోడల రంగు ఒకసారి మారేది. సొరుగులో ఉన్న నాకు వాసనను బట్టి తెలిసేది.

చివరికి కౌంటరు మీదికి ఒక చిన్న యంత్రం వచ్చింది. దాని నడుమ వేలంత గాజుపలక, లోపల ఎర్రటి దీపం. వేలు పెడితే మనిషెవరో చెప్పేస్తుందట. సొరుగు సందులోంచి దాన్ని చూసి మొదట ఫక్కున నవ్వుకున్నాను. చదువు నేర్పారు, సంతకాలు పెట్టించారు, కంప్యూటర్లు తెచ్చారు, ఇంత తిరిగి చివరికి అందరినీ మళ్ళీ వేలు పెట్టమంటున్నారు. మేనేజరైనా సరే, మేస్త్రీ అయినా సరే. సిరా లేదు, అంతే తేడా. ఇది నా మనవరాలై ఉండాలి అనుకున్నాను.

ఆ ఏడు తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. దాలమ్మ ఇంటి కప్పు ఎగిరిపోయింది. అప్పటికి ఆమె ఒంటరిది. ఫ్యాక్టరీ పని మానేసి నాలుగేళ్ళయింది. తాటాకులూ టార్పాలినూ కప్పుకుని నెల్లాళ్ళు గడిపింది. ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళుగా నెలనెలా దాచుకున్న డబ్బు బ్యాంకులో ఉంది. రేకులు కొనడానికి అందులోంచి తీసుకుందామని వచ్చింది.

"వేలు పెట్టండి," అంది కౌంటరులో కొత్త పిల్ల.

పెట్టింది. 'సరిపోలలేదు. మళ్ళీ ప్రయత్నించండి' అని యంత్రంలోంచి ఆడగొంతు పలికింది. మళ్ళీ పెట్టింది. కొంగుతో తుడిచి పెట్టింది, తడి చేసి పెట్టింది. పది వేళ్ళూ అయ్యాయి. ఆడగొంతు విసుగూ విరామం లేకుండా అదే మాట.

"సంతకం ఎడతాను, పుస్తకం తే అమ్మా."

"మీకు సంతకం రాదని ఉందమ్మా ఇక్కడ."

దాలమ్మకు అర్థం కాలేదు. "నాకు రాదని నీకు సెప్పిందెవులు?" అంది. కొత్త పిల్ల కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి చూపించింది. దాలమ్మ కూడబలుక్కుని చదివింది. తనకు రాయడం రాదన్న సంగతి తనే చదివింది. నేను విన్నవాటిలో అంత ఘోరమైన మాట ఇంకోటి లేదు.

మూడుసార్లు తిరిగింది. ఒకసారి సచివాలయానికి వెళ్ళమన్నారు, ఒకసారి ఆధార్ కేంద్రానికి. అక్కడా అదే గాజుపలక, అదే గొంతు. నాలుగోసారి వచ్చేసరికి శాఖ గోడకు నోటీసు అంటించి ఉంది. సోమవారం నుంచి బ్యాంకు పెద్ద బ్యాంకులో కలిసిపోతుంది, ఖాతాలన్నీ అక్కడికి మారతాయి, కొన్నాళ్ళు లావాదేవీలకు ఆలస్యం కావచ్చు, సహకరించగలరు. ఆ రోజు శుక్రవారం. బయట మబ్బు పట్టి ఉంది.

ఆ వేళ కౌంటరులో ఆ కొత్త పిల్ల లేదు, గౌసియా ఉంది. కడపమ్మాయి, అసిస్టెంట్ మేనేజరుగా వచ్చి ఆరు నెలలైంది. దాలమ్మ వేళ్ళు తన చేతిలోకి తీసుకుని చూసి, "అవ్వా, నీ వేళ్ళకేమైంది?" అని అడిగింది. సన్యాసిరావు గారి తర్వాత ఆ వేళ్ళకేసి అలా చూసినవాళ్ళు లేరు. దాలమ్మ చెప్పింది. గౌసియా రూల్సు పుస్తకం తిరగేసింది. యంత్రం పలకకపోతే, సిరాతో వేలిముద్ర తీసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలతో చెల్లించవచ్చని దొరికింది.

"అయిపోయిందవ్వా! సిరా డబ్బా ఉంటే చాలు. ఐదు నిమిషాల్లో డబ్బు నీ చేతిలో పెడతా."

సొరుగులన్నీ లాగి, అడుగున నన్ను పట్టుకుంది. మూత రాలేదు. తాళంచెవితో పొడిచి తీసింది. నా మెత్త ఎండి పగుళ్ళిచ్చింది. మంచినీళ్ళ సీసాలోంచి నాలుగు చుక్కలు పోసింది. అబ్బ, ఆ చల్లదనం ఏం చెప్పను! పాత సిరా లోపలెక్కడినుంచో పైకి ఊరింది. ఇన్నేళ్ళకు మళ్ళీ ఒక మనిషికి నాతో పని పడింది. అది కూడా ఆ వేలికే. నన్ను కాదన్న ఆ వేలు మళ్ళీ నా దగ్గరికే వస్తోంది. గర్వంగా ఉందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను గానీ, గర్వంగానే ఉంది.

గౌసియా నన్ను దాలమ్మ ముందు పెట్టింది. దాలమ్మ నన్ను గుర్తుపట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అదొద్దమ్మా."

"ఒక్కసారి పెట్టవ్వా, అయిపోతాది."

"నాను నిశానీదాన్ని కాదు. సంతకం ఎడతాను."

గొడవ విని మేనేజరు గారు గదిలోంచి వచ్చారు. ఆయనదీ తప్పని అనలేను. సోమవారం లోపల సర్దాల్సినవి ఆయన నెత్తి మీద కొండంత ఉన్నాయి. "ఏమ్మా, వాన వచ్చేలా ఉంది. ముందు ముద్ర వేసి డబ్బు పట్టుకెళ్ళు. సంతకం సంగతి కొత్త బ్యాంకులో చూసుకోవచ్చు," అన్నారు.

"ఆ బేంకోలు నన్నెరగరు బాబూ. ఈ పొద్దు నాను యేలేస్తే, ఆలకి జల్మంతా యేలేసినదాన్నే."

"మరి డబ్బు వద్దా?"

దాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. చినుకులు మొదలయ్యాయి. ఆమె ఇంటి మీద కప్పు లేదు. నా మీద సిరా నిగనిగలాడుతోంది. చాచితే వేలు జానెడు దూరం. నేను మనసులో పిలుస్తూనే ఉన్నాను. రావమ్మా, ఒక్కసారి రా, నీకు రేకులొస్తాయి, నాకు పనొస్తుంది. ఆమె చెయ్యి కౌంటరు మీద కొద్దిగా ముందుకు జరిగింది. మళ్ళీ ఆగింది.

"గచ్చు మీద బూడిదలో దిద్దుకున్నానమ్మా," అంది గౌసియాతో, మెల్లగా. "పుళ్ళ యేళ్ళతో. సొన కన్నా అదే ఎక్కువ మండేది. పంతొమ్మిది మందికి నేర్పినాను. ఇప్పుడు నానే దీని మీద యేలేస్తే, ఆలకి ఏటి మొకం సూపించుకోను?"

దాలమ్మ గొంతులో ఏడుపు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఒక్కసారిగా ఆ వేలు నున్నగా ఎందుకుందో తెలిసింది. ముప్ఫై ఏళ్ళకు పైగా తెలిసే ఉంది, కానీ తెలియలేదు. ఆమె తల ఎత్తుకుని నడిస్తే పొగరనుకున్నాను. నన్ను తాకకుండా ఉండడానికి ఆమె ఎంత ఖర్చుపెట్టిందో ఏనాడూ అనుకోలేదు. పిలవడం మానేశాను. వద్దు తల్లీ, వేయకు అనుకున్నాను.

గౌసియా కొత్త ఫారం ఒకటి తీసింది. వేలిముద్ర ఖాతాను సంతకం ఖాతాగా మార్చే ఫారం.

"సార్, ఈమె నా ఎదురుగా సంతకం చేస్తాది. సాక్షిగా నేను పెడతా."

"ఈమె ఎవరో నీకు తెలుసా? రేపు ఏదైనా తేడా వస్తే?"

"నాలుగుసార్లు తిరిగింది సార్. ఇంకెంత తెలియాల? తేడా వస్తే నాదే బాధ్యత."

మేనేజరు గారు గడియారం చూశారు. "కానివ్వు," అని గదిలోకి వెళ్ళిపోయారు.

దాలమ్మ కొంగు విప్పి కలానికి చుట్టుకుంది. వయసు మీద పడింది, చెయ్యి మునుపటిలా లేదు. 'కొ' గీత వంకర పోయింది. 'దా' రెండుసార్లు దిద్దింది. అద్దాల గదిలో చల్లటి గాలి యంత్రం తప్ప ఇంకో చప్పుడు లేదు. వరసలో ఉన్నవాళ్ళెవరూ గొణగలేదు. ఫోనులు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు. గౌసియా తొందరపెట్టలేదు. 'ల' దగ్గర దాలమ్మ ఆగి ఊపిరి పీల్చుకుంది. 'మ్మ' రాసి, కింద చిన్న గీత కూడా గీసింది. ఆ గీత ఎవరూ అడగలేదు.

గౌసియా ఆ కాగితాన్ని తెరలోకి ఎక్కించింది. 'సంతకం చేయలేరు' అన్న మాట ఉన్నచోట దాలమ్మ పేరు, ఆమె రాసినట్టే, వంకరగా వచ్చింది. "సూడనీ," అని దాలమ్మ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసుకుంది. డబ్బు తీసుకుని, చీర మడతలో దోపుకుంది.

నా మూత తెరిచే ఉంది. సిరా మీద ఎవరి వేలూ పడలేదు. నేను పుట్టిందే వేళ్ళ కోసం. వేలు పడకపోతే నాకు సంతోషం కలగడం అదే మొదలు. అది సంతోషమేనని తెలుసుకోవడానికి కూడా కాసేపు పట్టింది.

వెళ్ళబోతూ దాలమ్మ ఆగింది. వాన చూసి ఆగిందనుకున్నాను. కాదు, నాకేసి చూసింది. ఆనాడు డబ్బా తీసెయ్యమన్నాక, ఇన్నేళ్ళలో నన్ను నిదానంగా చూడడం అదే మొదటిసారి. గౌసియాతో అంది:

"దానికి మూత ఎట్టీయమ్మా. ఎండిపోద్ది."

ఎండిపోయినా ఫరవాలేదు తల్లీ అని చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.